బియ్యపుగింజ తూగని మూలకము: సెలీనియము – ఒక సమీక్ష

వయోజనుడైన మనుష్యుని దేహమునందు తలవెంట్రుకలు మొదలు కాలిగోళ్ళవరకు వ్యాపించియున్న సెలీనియమునంతటిని ఒకచోటికి చేర్చి త్రాసులో నుంచగలిగినచో, అది 10 మొదలు 20 మిల్లీగ్రాములకు మించదు. అనగా, రెండవ తట్టలో ఒక్క బియ్యపుగింజను వేసినచో ఆ గింజవైపే ముల్లు మొగ్గును. ఇంతటి స్వల్పద్రవ్యము చాలకున్నచో పసిబిడ్డల గుండె కండరము క్షీణించుననియు, అదియే మితిమీరినచో జుట్టును గోళ్ళును ఊడి రాలుననియు విన్నపుడు, ఈ రెండు వార్తలును ఒకే పదార్థమును గురించినవేనా యని సందేహము కలుగక మానదు. అతియైనచో అమృతమును విషమగునను సామెత మనకు చిరపరిచితమే. కాని విషమని పేరుపడిన వస్తువు కొరవడినను ప్రాణమునకు ముప్పు కలుగునను రెండవ సగమును ఆ సామెతకు చేర్చినది సెలీనియము చరిత్రయే. ఆ చరిత్రను రసాయనశాస్త్రమునుండి నేలకును, నేలనుండి పైరునకును, పైరునుండి మన పళ్ళెములోని అన్నమునకును అనుసరించిపోవుటయే ఈ వ్యాసోద్దేశము.

స్వీడన్ దేశమున గ్రిప్స్‌హోమ్ అనుచోట గంధకికామ్లమును తయారుచేయు కర్మాగారమొకటి యుండెడిది. ఫాలున్ గనులనుండి వచ్చిన గంధకయుక్త ఖనిజమును కాల్చి, ఆ పొగను సీసపురేకుల గదులలోనికి పంపి ఆమ్లమును తీయుచుండగా, గదుల అడుగున ఎర్రని బురద పేరుకొనుచుండెను. ఆ కర్మాగారమున భాగస్వామియై యున్న మహారసాయనజ్ఞుడు బెర్జీలియస్, తన మిత్రుడైన గాన్‌తో కలసి, 1817లో ఆ బురదను పరీక్షించెను. దానిని మంటలో నుంచగా ఘాటైన ముల్లంగి వాసన వచ్చినందున, అది అంతకుముందే తెలిసిన టెల్లూరియమని వారు మొదట తలచిరి. కాని మరింత శ్రద్ధతో శోధింపగా అందు టెల్లూరియము లేశమైనను కానరాలేదు; ఉన్నదంతయు ఒక నూతన మూలకమేనని తేలెను. టెల్లూరియమునకు భూమిపేరు పెట్టియుండిరి గనుక, దాని తోబుట్టువువలె నున్న ఈ క్రొత్త మూలకమునకు చంద్రునిపేరు తగునని, గ్రీకుల చంద్రదేవతయైన సెలీనీ పేర సెలీనియమని నామకరణము చేసిరి.

ఆవర్తన పట్టికయందు సెలీనియము స్థానము 34వది. దాని కుటుంబమున పైని ఆమ్లజనియు గంధకమును, దిగువను టెల్లూరియమును పొలోనియమును కలవు. వీనిలో గంధకముతో దానికి గల చుట్టరికమును పాఠకులు ప్రత్యేకముగ గుర్తుంచుకొనవలెను. ఏలయన, ఇకముందు చెప్పబోవు మేలునకును కీడునకును కూడ ఆ చుట్టరికమే మూలము. గంధకమువలెనే ఇదియు పలురూపములు ధరించును. రంగులేని సెలీనస్ ఆమ్ల ద్రావణములోనికి గంధకము కాల్చినప్పుడు వచ్చు వాయువును మెల్లగా పంపి చూచినవారికి ఆ దృశ్యము మరపునకు రాదు: నిర్మలమైన నీటివలె నున్న ద్రావణము క్షణకాలము గులాబివన్నె తిరిగి, అంతలోనే పారాణి కలిపినట్లు ఎర్రబడి, ఆ ఎరుపు పొడియై అడుగునకు దిగును. ఆ పొడిని వెచ్చచేసినచో నల్లబడును. మరికొంత వేడిమిలో నిలిపినచో లోహకాంతిగల బూడిదరంగు స్ఫటికరూపమును పొందును. ఈ బూడిదరంగు సెలీనియము 221 డిగ్రీల సెంటీగ్రేడు వేడిమివద్ద కరగును.

ఆ రూపమునకే మరియొక అద్భుతగుణము కలదు. 1873లో సముద్రగర్భమున వేయు తంతితీగెలను పరీక్షించుటకై ఇంగ్లండునకు చెందిన విలోబీ స్మిత్ సెలీనియపు కడ్డీలను విద్యుత్ నిరోధకములుగ వాడుచుండగా, వాని నిరోధము నిలుకడగా నుండక మాటిమాటికి మారుచుండెను. కారణమును వెదకగా, కడ్డీలున్న పెట్టె మూత తీసినపుడు, అనగా వెలుతురు సోకినపుడు, విద్యుత్తు సులభముగ ప్రవహించుచు, మూత వేసినపుడు మందగించుచున్నదని తెలిసెను. కాంతిచేత ఒక ఘనపదార్థము విద్యుత్ స్వభావమును మార్చుకొనుట మానవుడు గుర్తించిన తొలి ఘట్టములలో ఇది ప్రధానమైనది. 1880లో గ్రాహంబెల్ సూర్యకిరణముపై మానవకంఠమును ఎక్కించి, ఇన్నూరు మీటర్లకు మించిన దూరమున సెలీనియపు ఘటముచే దానిని తిరిగి వినిపింపజేసెను. 1883లో చార్లెస్ ఫ్రిట్స్ సెలీనియముపై పలుచని బంగారుపొరను పరచి, ఎండ నేరుగా విద్యుత్తుగా మారు పలకను నిర్మించెను. దాని సామర్థ్యము నూటికి ఒకటికి మించకపోయినను, నేడు మన ఇంటికప్పులపై మెరయు సౌరఫలకములకు అది పూర్వరూపమని చెప్పదగును.

నా బాల్యమున మా పట్టణపు ఛాయాచిత్రకారునివద్ద అరచేత నిముడు లైట్ మీటరొకటి యుండెడిది. దాని ముఖమున తేనెపట్టువలె చిన్నచిన్న గదులుగల గాజుబిళ్ళయు, పైని అంకెలును ముల్లును గల వలయమును ఉండెడివి. పెండ్లిపందిటిలో ఆయన దానిని వధువు మొగమునెదుట పట్టగానే ముల్లు సగమువరకు లేచెడిది; పందిటి వెలుపల ఎండలోనికి త్రిప్పగానే చివరివరకు పరుగెత్తెడిది. అందు బ్యాటరీ యేదియు లేదనియు, వెలుతురే దానికి ఆహారమనియు ఆయన చెప్పగా మేము నమ్మజాలకపోతిమి. ఆ గాజుబిళ్ళ వెనుక నున్నది సెలీనియపు పొర యని పిమ్మట కళాశాలలో చదివినప్పుడు గాని తెలియలేదు. 1959లో అంగడికి వచ్చిన జిరాక్స్ యంత్రము హృదయమందున్నదియు ఈ సెలీనియమే: చీకటిలో విద్యుదావేశము పూసిన సెలీనియపు డ్రమ్ముపై కాగితపు ప్రతిబింబము పడగా, వెలుతురు తగిలినచోట ఆవేశము జారిపోయి, అక్షరముల నీడపడినచోట మాత్రము నిలిచి, నల్లనిపొడిని ఆకర్షించెడిది. నకలు తీయుటకు మన వీధులలో నేటికిని వాడుకయందున్న ‘జిరాక్సు’ అను మాట వెనుక చంద్రుని పేరుగల మూలకమొకటి దాగియున్నదని తలచువారు అరుదు. ఇనుపమాలిన్యముచే ఆకుపచ్చబారు గాజునకు ఆ ఛాయను పోగొట్టుటకును, మోతాదు పెంచి కెంపువన్నె గాజును చేయుటకును కూడ దీనినే వాడుదురు. ఇన్ని పనులకు వలసిన సెలీనియమునకై ప్రత్యేకముగ గనులు త్రవ్వుట లేదు. రాగిని విద్యుద్విశ్లేషణముచే శుద్ధిచేయునపుడు తొట్టి అడుగున మిగులు బురదనుండియే ప్రధానముగ దీనిని తీయుదురు. బురదలో దొరకిన మూలకము బురదలోనే లభించుచుండుట దాని తలవ్రాత కాబోలు.

ఇక ప్రకృతిలోని దాని సంచారమును చూతము. భూపటలమున సగటున ఒక టన్ను రాతిలో సెలీనియము 50 మిల్లీగ్రాముల ప్రాంతమున మాత్రమే యుండును. కాని ఈ సగటు మనలను మోసగించును. ఏలయన సముద్రగర్భమున పూర్వయుగములలో ఏర్పడిన నల్లని పలకరాళ్ళలోను, కొన్ని బొగ్గుపొరలలోను అది విశేషముగ కూడియుండగా, మరికొన్ని దేశముల నేలలో దాదాపు శూన్యము. మట్టియందెంత యున్నదనుట ఒకటి, మొక్కకెంత అందుననుట మరియొకటి. క్షారగుణము కలిగి, గాలి చక్కగా ఆడు మెట్టనేలలో సెలీనియము నీట కరగు సెలినేటు రూపమున నుండి, వేళ్ళకు సులభముగ చిక్కును. ఆమ్లగుణముగల తడినేలలో అది ఇనుపధాతువులను అంటిపెట్టుకొని కదలకుండును. కనుక మట్టిని కొలిచినంతమాత్రమున పంటను గురించి చెప్పజాలము. ఆ నేలకు కట్టిన నీరు, పడిన వాన, ఆడిన గాలి అన్నియు కలసి ఆ లెక్కను తేల్చును.

మొక్కకు సెలీనియము కావలసియుండి అది దానిని పీల్చుకొనుటలేదు. గంధకము కొరకు వేళ్ళు తెరచియుంచిన ద్వారములగుండానే సెలినేటు ప్రవేశించును. వేళ్ళు ఆ చుట్టమును గుర్తుపట్టజాలవు. లోపలికి వచ్చిన పిమ్మట గంధకముండవలసిన అమైనో ఆమ్లములలో అది చేరి, సెలీనోమెథియొనీనుగా గింజలలో నిలుచును. అమెరికా పశ్చిమభాగమున చిక్కుడు కుటుంబమునకు చెందిన ఆస్ట్రగాలస్ జాతి మొక్కలు కొన్ని, తమ ఎండుటాకులలో గ్రామునకు వేలకొలది మైక్రోగ్రాముల సెలీనియమును కూడబెట్టుకొనును. మైక్రోగ్రామనగా గ్రాములో పదిలక్షలవ వంతు. ఈ మొక్కలు తాము విషమునకు లోబడకుండుటకై ఆ సెలీనియమును మాంసకృత్తులలోనికి చొరనీయక వేరొక రూపమున దాచుకొనును. ఆ నేర్పు లేని పశువు దానిని మేసినచో కష్టముల పాలగును. 1856లో నేటి దక్షిణ డకోటాయందలి ఫోర్ట్ రాండల్ సైనికస్థావరమున అశ్వములకు జూలును తోకవెంట్రుకలును రాలి, గిట్టలు పుండ్లుపడి, నిలువలేక అనేకము చనిపోయినవని అచటి సేనావైద్యుడు మాడిసన్ వ్రాసియుంచెను. నీటిలోని క్షారమే కారణమని ఆ ప్రాంతపు కర్షకులు చాలకాలము నమ్మిరి. అసలు దోషి మేతలోని సెలీనియమని 1930 తరువాతి దశాబ్దమున గాని తేలలేదు.

ఇట్టి నేలలు మన దేశమునను లేకపోలేదు. పంజాబునందు నవాంశహర్, హోషియార్‌పూర్ ప్రాంతములలో శివాలిక్ కొండలనుండి వరదలు తెచ్చిపోసిన ఒండ్రుమట్టి కొన్ని గ్రామములలో సెలీనియముతో నిండియున్నది. అచట గోధుమమొక్కల ఆకులు తెల్లబారుటయు, గేదెల గిట్టలు పగిలి ఊడుటయు, మనుష్యులకును జుట్టు రాలుటయు లూధియానా వ్యవసాయ విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు మొదలగువారు పరిశీలించి వెల్లడించిరి. కాలిఫోర్నియాలోని కెస్టర్సన్ జలాశయ వృత్తాంతము సేద్యమును నమ్ముకొన్న ప్రతి జాతియు చదువదగినది. శాన్ వాకిన్ లోయలోని పొలములనుండి మురుగునీటిని ఆ జలాశయమునకు మళ్ళింపగా, ఆ నీటితో కొట్టుకొనివచ్చిన సెలీనియము నాచునుండి పురుగులకును, పురుగులనుండి పక్షులకును అంతకంతకు చిక్కనై చేరెను. 1983లో అచట కన్నులు లేని, ముక్కులు వంకరలైన పక్షిపిల్లలు గ్రుడ్లలో కానవచ్చినవి. కాలువ త్రవ్వి నీరిచ్చుటతో సేద్యపుపని ముగియదనియు, ఆ నీరు తిరిగి ఎచటికి, దేనిని మోసుకొనిపోవుచున్నదో చూచుకొనవలసిన బాధ్యతయు కలదనియు ఆ పక్షులు తమ ప్రాణములనిచ్చి మనకు తెలిపినవి.

ఇంతవరకు సెలీనియమునకు దుష్కీర్తియే. 1943లో ఎలుకలపై జరిగిన పరిశోధన ఒకటి దానిని క్యాన్సరు కారకముగ కూడ అనుమానించెను. అట్టిస్థితిలో 1957లో క్లౌస్ ష్వార్జ్ అను శాస్త్రజ్ఞుడు, మాంసకృత్తులకై ఒకవిధమగు ఈస్టును మాత్రమే తినిన ఎలుకల కాలేయము కుళ్ళిపోవుచుండగా, దానిని నివారించు అజ్ఞాతద్రవ్యము సెలీనియమేనని నిరూపించుట శాస్త్రలోకమును ఆశ్చర్యపరచెను. మరుసటి యేడే ఓరిగన్ రాష్ట్రమున, కండరములు పాలిపోయి లేవజాలక చనిపోవు గొర్రెపిల్లల వ్యాధిని స్వల్పమాత్ర సెలీనియముతో నివారింపగల్గిరి. పశువుల పాలిట మృత్యువుగ పేరొందినది, వేరొకచోట పశువులకు ప్రాణదాత యయ్యెను. మారినది మూలకము గాదు, మేత పెరిగిన నేల.

అది దేహమున చేయు పని యెట్టిదో తెలియుటకు మరికొంత కాలము పట్టెను. కొవ్వులను చెడగొట్టు పెరాక్సైడులను నిర్వీర్యముచేయు గ్లూటాథయోన్ పెరాక్సిడేజ్ అను ఎంజైమునందు సెలీనియము అవిభాజ్యభాగమని 1973లో వెల్లడియయ్యెను. 1976లో ఎంజైములందు సెలీనియము సెలీనోసిస్టీన్ అను అమైనో ఆమ్లరూపమున ఉండునని అమెరికాయందు థ్రెస్సా స్టాట్‌మన్ పరిశోధనశాల నిరూపించెను. గంధకముగల సిస్టీనులో గంధకమునకు మారుగ సెలీనియమును నిలిపినచో వచ్చునదియే ఇది. ఒక్క పరమాణువు మార్పే యైనను, సిస్టీను మందకొడిగ చేయు పనిని ఇది బహుశీఘ్రముగ చేయగలదు; ఏలయన, దేహద్రవముల స్థితిలో దాని ఉదజని చాలవరకు వీడిపోయి, సెలీనియము సర్వదా చర్యకు సన్నద్ధమై యుండును. ఇంతకంటెను ఆశ్చర్యము 1986లో తెలిసినది. జన్యులిపిలో యు, జి, ఎ అను మూడక్షరముల సంకేతమునకు ‘మాంసకృత్తు నిర్మాణమును ఇచట నిలుపుము’ అని అర్థమని శాస్త్రజ్ఞులు నిర్ణయించియుండిరి. కాని కొన్ని చోట్ల, సమీపమున వేరొక గురుతు ఉన్నయెడల, కణము ఆ సంకేతమును నిలుపుదలగ గాక, ‘సెలీనోసిస్టీనును చేర్చుము’ అని చదువుకొనుచున్నదని తేలెను. ఇరువది అమైనో ఆమ్లముల పట్టికకు ఇది ఇరువదియొకటవదిగ చేరినది. మానవునిలో ఇట్టి మాంసకృత్తులకు మూలమైన జన్యువులు 25 కలవు. ఏ కణమును వృథావ్యయమును సహింపదు. అట్టిది ఒక్క మూలకము కొరకు తన లిపికే మినహాయింపు కల్పించుకొన్నదనిన, దాని యావశ్యకతకు వేరు సాక్ష్యము వలదు.

మానవజీవితమున ఈ యావశ్యకత ఎంతటి విషాదరూపము దాల్చగలదో చైనాదేశము చూపినది. 1935లో ఈశాన్యమందలి కెషాన్ మండలమున గుర్తింపబడినందున కెషాన్ వ్యాధి యని పేరొందిన హృద్రోగము, చిన్నబిడ్డలను, ప్రసవవయస్సునందలి స్త్రీలను ప్రత్యేకముగ బలిగొనుచుండెను. ఈశాన్యమునుండి నైరుతివరకు వాలుగా సాగిన ఒక పట్టీవంటి ప్రాంతమునందే ఈ వ్యాధి యుండుట చూచి, అచటి వైద్యులు నేలను అనుమానించిరి. 1974లో సిచువాన్ పల్లెలలోని బిడ్డలకు వారమునకొకమారు సోడియం సెలినైటు మాత్రల నిచ్చి చూడగా, మాత్ర వేసికొనని 3,985 మందిలో 54 మందికి వ్యాధి రాగా, వేసికొనిన 4,510 మందిలో 10 మందికి మాత్రమే వచ్చెను. తరువాతి సంవత్సరముననూ ఫలితమిట్లే యుండుటచేత, పిమ్మట బిడ్డలందరికిని మాత్రలనిచ్చిరి. మాత్ర లేనివారి వరుసలోని ఆ 54 సంఖ్యను చదువునపుడు అందలి ప్రతి యంకెయు ఒక తల్లి ఒడి యని మరువరాదు.

ఆ దేశముననే హూబే ప్రాంతమున ఎన్షీ యను మండలము కలదు. అచట సెలీనియముతో నిండిన బొగ్గురాయి పొలములపక్కనే శిథిలమై మట్టిలో కలియుచుండును. 1961 మొదలు 1964 వరకు కరవుచే వరి యెండి, జనులు ఆ నేలలో పండిన మొక్కజొన్నపైనను, ఆకుకూరలపైనను ఆధారపడగా, మిక్కిలి పీడితములైన ఐదు పల్లెలలో దాదాపు సగముమందికి జుట్టును గోళ్ళును ఊడెను. దేహమున వెంట్రుకలును గోళ్ళును గంధకసమృద్ధములైన మాంసకృత్తులతో నిర్మితములగుటచేతను, గంధకపు స్థానమున సెలీనియము చొరబడుటచేతను ఇట్లగునని శాస్త్రజ్ఞులు భావింతురు. కెషాన్ వ్యాధిగల పల్లెలలో మనుష్యుడు దినమునకు గ్రహించిన సెలీనియము సుమారు 11 మైక్రోగ్రాములు. ఎన్షీ పీడితుడు గ్రహించినది దాదాపు 5,000. ఒకే జాతి, ఒకే ప్రభుత్వము. నడుమ నున్నది నేల ఒక్కటే.

ఈ యెల్లలను శాస్త్రము ఎట్లు గీచినదో చెప్పుకొనవలెను. భారతీయ వయోజనునకు దినమునకు 40 మైక్రోగ్రాములు తగునని హైదరాబాదునందలి జాతీయ పోషకాహార సంస్థ సూచించుచుండగా, అమెరికాలో ఆ కొలత 55. మించరాని గరిష్ఠమాత్ర అమెరికాలో 400. ఐరోపా ఆహారభద్రతాసంస్థ 2023లో దానిని 255కు తగ్గించినది. అనగా అవసరమునకును అపాయమునకును నడుమ ఎడము పదింతలైనను లేదు. చేపలు, గ్రుడ్లు, మాంసము, పొట్టుతీయని ధాన్యములు, పప్పులు దీనికి మనవద్ద ప్రధానాధారములు. బ్రెజిలు దేశపు అడవులలో దొరకు ఒకజాతి పెద్దగింజ యొక్కటి కొన్నివేళల దినావసరమునంతయు తీర్చును. అందుచేతనే దానిని గుప్పెళ్ళతో తినరాదు.

శాస్త్రము సయితము తొందరపాటుచే తొట్రుపడిన సందర్భము కలదు. 1996లో అమెరికాయందు 1,312 మంది చర్మక్యాన్సరు రోగులపై జరిగిన పరిశోధనలో, దినమునకు 200 మైక్రోగ్రాముల సెలీనియము చర్మక్యాన్సరును తగ్గింపకపోయినను, పురుషులలో ప్రొస్టేటు గ్రంథి క్యాన్సరును తగ్గించినట్లు కానవచ్చెను. ఒకప్పుడు క్యాన్సరును కలిగించునని శంకింపబడినది ఇపుడు క్యాన్సరునకు మందని కీర్తింపబడెను. మాత్రల అమ్మకము ముమ్మరమయ్యెను. అంతట 2001లో 35 వేలమందికి పైగా పురుషులతో ఒక మహాపరిశోధన ఆరంభింపబడెను. 2008లో దానిని మధ్యనే ఆపివేయవలసివచ్చెను. సెలీనియమువలన ఏ రక్షణయు కానరాలేదు. మొదటి పరిశోధననే తిరిగి పరిశీలింపగా, మాత్రలు వాడినవారిలో మధుమేహము హెచ్చినట్లు కూడ తేలెను. కడుపునిండిన దేహమునకు మరికొంత పెట్టుటవలన బలము రాదు. కొరతగలచోట ఔషధమైనది కొరతలేనిచోట భారము. కాంగో ఉత్తరభాగమందలి అనుభవము దీనికంటెను సూక్ష్మమైనది. అయొడీనును సెలీనియమును రెండును కొరవడిన ప్రజలకు సెలీనియమును మాత్రమే ముందుగ నిచ్చినచో, థైరాయిడు హార్మోనును వ్యయముచేయు ఎంజైములు చురుకై, అప్పటికే క్షీణించియున్న గ్రంథి స్థితి మరింత దిగజారెను. లోపమును తీర్చుటకు మాత్ర ఒక్కటే చాలదు. ఏది ముందు, ఏది వెనుక యను క్రమమును పాటింపవలెను.

ఈ వివేకముతో ఒక దేశము తన నేలనే సరిదిద్దుకొన్నది. ఫిన్లండునందు మట్టిలో లభ్యమగు సెలీనియము అత్యల్పము. 1984లో ఆ ప్రభుత్వము పొలములకు వేయు ఎరువులలో సోడియం సెలినేటును కలుపవలెనని నిశ్చయించెను. మాత్ర మ్రింగుమని ఎవరినీ నిర్బంధింపలేదు. గింజ దానిని గ్రహించి, పశువు ఆ గింజను మేసి, పాలలోను రొట్టెలోను కొలతకు మించనీయక మనుష్యునికి అందించెను. దినమునకు 40 మైక్రోగ్రాముల ప్రాంతమున నుండిన గ్రహణము కొన్ని యేండ్లలో 100 దాటెను. అధికారులంతటితో తృప్తిపడి కన్నులు మూసికొనలేదు. ఏటేట ధాన్యమును, పాలను, రక్తమును పరీక్షించుచు, 1990లో మోతాదును తగ్గించియు, పిమ్మట కొంత పెంచియు సరిచూచుకొనిరి. సెలీనియముతో వ్యవహరింపవలసిన తీరునకు ఇంతకంటె మంచి యుదాహరణము నేనెరుగను.

తెలుగుపాఠకునకు ఇదియంతయు దూరదేశపు ముచ్చటగ తోచరాదు. నేలలోని ఒక మూలకము మనుష్యుని యెముకలలోనికి ఎట్లు ప్రవేశించునో మనము నల్లగొండయందు కన్నులార చూచినవారము. నాటి నెల్లూరు జిల్లాలోని పల్లెలలో ఫ్లోరైడు వ్యాధిని వైద్యులు 1937లోనే వర్ణించిరి. గ్రానైటు రాతినుండి బావినీటికి దిగిన ఆ లవణము వీపులను వంచి, యౌవనముననే చేతికఱ్ఱ పట్టించినది. అచటను ప్రశ్న ఇదియే: ఏ నేల, ఎంత కొలత, ఏ మార్గము? స్వల్పమాత్ర ఫ్లోరైడు పళ్ళకు గట్టిదనమునిచ్చునని వేరొకచోట పొగడుచుండగా, ఇచట దాని పేరు విన్న ప్రజలు వణకుదురు. రెండు మాటలును సత్యములే. మన వ్యవసాయశాఖలు మట్టిలో నత్రజని, భాస్వరము, పొటాషు మొదలగువానిని కొలిచినట్లే, మండలమండలమునను ఇట్టి లేశమూలకములను కూడ నేలలోను, నీటిలోను, గింజలోను కొలిచి పటములు వేయవలెననియు, ఆ పటము చేతలేనిదే అధికమో అల్పమో తెలియకుండ సెలీనియపు మాత్రలను అంగట కొని మ్రింగు అలవాటును మానవలెననియు నేను మనఃపూర్వకముగ కోరుచున్నాను.

వ్యాసారంభమున త్రాసులోనుంచిన బియ్యపుగింజను ఇపుడు మరల చేతికి తీసికొనవచ్చును. దేహమందలి సెలీనియమునంతటిని తూచుటకు దానిని రాయిగ వాడితిమి. కాని ఆ సెలీనియమును మనకు మోసుకొనివచ్చునదియు గింజయే. తాను మొలచిన మడిలోని మట్టి ఎంత యిచ్చెనో అంతయే అది మనకు తెచ్చియిచ్చును. హెచ్చించుటకు గాని తగ్గించుటకు గాని దానికి స్వాతంత్ర్యము లేదు. కొలత చూచుకొనవలసిన బాధ్యత, ఆ మడిని దున్నువానిదియు, ఆ యన్నమును తినువానిదియు, వారిరువురి క్షేమమును చూడవలసిన ప్రభుత్వముదియు నైయున్నది.